తలుపు తీసేది ఎవరు? సూపర్ సర్వర్ కింద నిఘా సేవ నడిపేటప్పుడు పడే చిక్కులు

మే నెల, మిట్టమధ్యాహ్నం. అనంతపురంలో టవర్‌క్లాక్‌కు దగ్గర్లోని మా గదిలో, గోడకు తగిలించిన తెరమీద ధర్మవరం వరుస మొత్తం ఎర్రబడింది. అక్కడ పట్టుచీరల టోకు వ్యాపారం చేసే ఒక సంస్థకు మేం కంప్యూటర్లు చూసిపెడతాం. వాళ్ల బిల్లులు, సరుకు లెక్కలు అన్నీ ఒక పాత లైనక్స్ యంత్రంలో ఉంటాయి. ఫోన్ చేస్తే "బిల్లులు బాగానే కొడుతున్నాం, మాకేం ఇబ్బంది లేదు" అన్నారు. యంత్రం పలుకుతోందా అని చూసే పింగ్ కూడా వెళ్తోంది. డిస్కు ఎంత నిండింది, మెమరీ ఎంత మిగిలింది, డేటాబేస్ లేచి ఉందా అని మా నిఘా వ్యవస్థ నాగియోస్ ఉన్న సర్వర్ అడిగే ప్రతి ప్రశ్నకూ మాత్రం ఒకటే జవాబు వస్తోంది: ఎస్‌ఎస్‌ఎల్ హ్యాండ్‌షేక్, అంటే రహస్యంగా మాట్లాడుకునే ముందు రెండు యంత్రాలూ చేసుకునే పలకరింపు, పూర్తి కాలేదు.

మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు అప్పటికే రెండు గంటలుగా ఒకే ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏమైందప్పా?"

"అలౌడ్ హోస్ట్స్‌లో మన సర్వర్ అడ్రస్ పెట్టినానన్నా. కామా తీసి చూసినా, స్పేసు తీసి చూసినా. మార్చినప్పుడల్లా సర్వీసు రీస్టార్ట్ చేస్తానే ఉన్నా. అదే మాట చెప్తాంది."

"ఏ సర్వీసు?"

"ఎన్‌ఆర్‌పీఈ."

"అది నడుస్తాందా, చూసినావా?"

చూశాడు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో ఎన్‌ఆర్‌పీఈ పేరే లేదు. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ అది లేచి, తనకు కావాల్సిన 5666 పోర్టు (యంత్రంలోకి వచ్చే కనెక్షన్లకు ఉండే నంబరున్న తలుపు) దొరక్క, ఆ క్షణమే పడిపోయింది. విచిత్రమేమిటంటే 5666 తెరిచే ఉంది.

"మరి యాడిదన్నా ఈ పోర్టు? ఎవరు తెరిచినారు?"

సూపర్ సర్వర్ అనే ఏర్పాటును అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. దీనికి జవాబు తెలియకుండా కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ఎన్ని అక్షరాలు మార్చినా, తాళం ఒక తలుపుకు వేసి ఇంకో తలుపు ఊపి చూసినట్టే ఉంటుంది.

నాగియోస్ సంగతి ముందు క్లుప్తంగా. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేసిన ఈ నిఘా వ్యవస్థకు 2002లో నాగియోస్ అనే పేరు వచ్చింది. ఇది ఒకచోట కూర్చుని మిగతా యంత్రాలన్నిటి యోగక్షేమాలు కనుక్కుంటుంది. వెబ్‌సైటు తెరుచుకుంటోందా లేదా అన్నది బయటినుంచే తెలుస్తుంది. డిస్కు ఎంత నిండిందో మాత్రం బయటినుంచి కనపడదు, ఆ యంత్రం లోపల ఎవరో చూసి చెప్పాలి. అలా చూసి చెప్పే సహాయకుడే ఎన్‌ఆర్‌పీఈ. నాగియోస్ 5666 పోర్టుకు వచ్చి ఫలానా తనిఖీ చేసి పెట్టమంటుంది, ఎన్‌ఆర్‌పీఈ ఆ తనిఖీ నడిపి ఫలితం చెబుతుంది.

ఈ సహాయకుడు రెండు రకాలుగా పని చేయగలడు. ఇరవైనాలుగు గంటలూ తానే పోర్టు దగ్గర నిలబడి ఉండటం ఒక రకం. దీన్ని డెమన్ అంటారు. పోర్టు దగ్గర ఇంకొకరిని నిలబెట్టి, పని పడ్డప్పుడు మాత్రమే వాళ్లు పిలిస్తే లేచి వచ్చి, పని ముగించి వెళ్లిపోవడం రెండో రకం. ఆ నిలబడే ఇంకొకరే సూపర్ సర్వర్. ధర్మవరం యంత్రంలో ఆ పని చేస్తున్నది ఎక్స్‌ఐనెట్‌డీ.

పాత ప్రభుత్వ కార్యాలయాల్లో ల్యాండ్‌లైన్ రోజుల్ని గుర్తు తెచ్చుకోండి. ఫోన్ హాల్లో బల్లమీద ఉండేది, పక్కన స్టూలు మీద అటెండర్ కూర్చునేవాడు. మోగితే ఎత్తేది అతనే. ఎవరు మాట్లాడుతున్నారు, ఏ సెక్షన్ కావాలి అని అడిగి, సంబంధం లేనివాళ్లయితే అక్కడే పెట్టేసేవాడు. పని ఉన్నవాళ్లయితే ఆ సెక్షన్ గుమాస్తాను పిలిచి రిసీవర్ చేతికిచ్చేవాడు. గుమాస్తా అందులో విని, అందులోనే మాట్లాడి, పెట్టేసి వెళ్లిపోయేవాడు. ఫోన్ నంబరు ఎంత, లైన్ ఎవరు వేయించారు, ఇంతకుముందు ఎన్ని కాల్స్ వచ్చాయి, ఇవేవీ గుమాస్తాకు తెలియనక్కర్లేదు.

సూపర్ సర్వర్ చేసేది అచ్చంగా ఇదే. యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకూ పుట్టుకతోనే మూడు దారులు ఉంటాయి: వినడానికి ఒకటి, చెప్పడానికి ఒకటి, తప్పులు మొరపెట్టుకోవడానికి ఒకటి. మామూలుగా ఈ మూడూ కీబోర్డుకూ తెరకూ కలిసి ఉంటాయి. సూపర్ సర్వర్ కొత్త ప్రాసెస్‌ను పుట్టించి, ఈ మూడింటినీ నెట్‌వర్క్ కనెక్షన్‌కు అతికించి, ఆ తర్వాతే అసలు ప్రోగ్రామును లేపుతుంది. ఆ ప్రోగ్రాముకు తాను అనంతపురంతో మాట్లాడుతున్నానన్న ఊహ కూడా అక్కర్లేదు. ఎదురుగా ఉన్న తెరమీద రాస్తున్నాననే అనుకుంటుంది. నెట్‌వర్క్ గురించి ఒక్క ముక్క తెలియని మామూలు షెల్ స్క్రిప్టు కూడా ఈ దారిలో నెట్‌వర్క్ సేవ అయిపోతుంది. సూపర్ సర్వర్ అసలు గొప్పతనం ఇక్కడే ఉందని నా నమ్మకం.

మెమరీ పొదుపు కోసమే ఈ ఏర్పాటు అని చాలామంది చెబుతారు. ఒకప్పుడు అది నిజం. 1986లో 4.3 బీఎస్‌డీ అనే యూనిక్స్‌తో ఐనెట్‌డీ అనే పాత సూపర్ సర్వర్ జనంలోకి వచ్చేనాటికి యంత్రాల్లో మెమరీ మెగాబైట్లలో ఉండేది. రోజుకు రెండుసార్లు కూడా అవసరం పడని డజను సేవలు ఆ మెమరీలో ఊరికే కూర్చుంటే అసలు పనికి చోటు మిగిలేది కాదు. ధర్మవరం యంత్రం ఎంత పాతదైనా అందులో రెండు జీబీ ఉంది. ఊరికే కూర్చున్న ఎన్‌ఆర్‌పీఈ తినేది కొన్ని ఎంబీలు. దానికోసం తలుపు దగ్గర ఇంకొకరిని పెట్టాల్సిన పని లేదు. ఈనాడు ఈ ఏర్పాటులో మిగిలిన సారం వేరే: ఎవరిని రానివ్వాలి, ఒకేసారి ఎంతమందిని రానివ్వాలి, లోపలి పని ఏ యూజర్ పేరుమీద జరగాలి అనే మూడు నిర్ణయాలూ సేవ చేతిలోంచి జారి సూపర్ సర్వర్ చేతికి వెళ్లిపోతాయి. చిక్కులన్నీ పుట్టేది కూడా ఈ చేతులు మారడంలోనే.

రెండు ఫైళ్లు, ఒకటే అధికారం

మా కుర్రాడు మారుస్తూ కూర్చున్నది ఎన్‌ఆర్‌పీఈ సొంత ఫైలు. అందులో అలౌడ్ హోస్ట్స్ అనే వరుస ఉంటుంది, ఎవరు అడిగితే జవాబు చెప్పాలో అక్కడ రాస్తారు. ఆ వరుసకు పైన, ఆ ఫైల్లోనే, ఒక వ్యాఖ్య ఉంది: ఎన్‌ఆర్‌పీఈ ఐనెట్‌డీ కింద గానీ ఎక్స్‌ఐనెట్‌డీ కింద గానీ నడుస్తుంటే ఈ వరుసను పట్టించుకోదు. పోర్టు నంబరు దగ్గర, యూజర్ పేరు దగ్గర, గ్రూపు దగ్గర కూడా ఇదే మాట రాసి ఉంటుంది. అటెండర్ కింద పనిచేసే గుమాస్తా తన బల్లమీద "ఫలానావాళ్ల కాల్స్ మాత్రమే తీసుకుంటాను" అని చీటీ అంటించుకున్నట్టు ఉంటుంది ఇది. రిసీవర్ ఎత్తేది అటెండర్, అతను ఆ చీటీ చదవడు.

మరి అటెండర్ చదివే చీటీ ఎక్కడుంది? ఈటీసీ డైరెక్టరీలో ఎక్స్‌ఐనెట్‌డీ డాట్ డీ అనే సబ్‌డైరెక్టరీ ఉంటుంది. అందులో ఒక్కో సేవకు ఒక్కో చిన్న ఫైలు. ఎన్‌ఆర్‌పీఈ ఫైలు తెరిస్తే పది పన్నెండు వరుసలకు మించి ఉండవు, కానీ ప్రతి వరుసా ఒక నిర్ణయమే.

సాకెట్ టైప్ స్ట్రీమ్ అంటే టీసీపీ కనెక్షన్. వెయిట్ నో అంటే వచ్చిన ప్రతి కాల్‌కూ ఒక కొత్త గుమాస్తాను పిలవాలి, అతను మాట్లాడుతుండగానే అటెండర్ తిరిగి స్టూలు మీదికి రావాలి. వెయిట్ యెస్ పెడితే అర్థం తలకిందులవుతుంది: రిసీవర్ కాదు, ఫోన్ మొత్తం గుమాస్తాకు అప్పగించి, అతను ముగించేదాకా అటెండర్ ఆ పోర్టు వైపు చూడడు. ఎన్‌ఆర్‌పీఈకి పొరపాటున యెస్ పెట్టారంటే అది తన చేతిలో ఉన్నది కనెక్షన్ అనుకుంటుంది, ఉన్నదేమో వినే సాకెట్, అంటే కాల్స్ కోసం ఎదురుచూసే ఫోన్. ఏ పనీ జరగదు.

యూజర్ అన్న వరుసలో నాగియోస్ అనే మామూలు యూజర్‌నే పెట్టాలి. సర్వాధికారాలూ ఉండే రూట్ యూజర్‌ను పెడితే అన్ని తనిఖీలూ చక్కగా పనిచేస్తాయి, అందుకే తొందరలో చాలామంది రూట్ పెట్టేస్తారు. అలా పెట్టిన రోజునుంచి ఒక తనిఖీ స్క్రిప్టులో చిన్న లోపం దొరికినా యంత్రం మొత్తం పరాయి చేతికి వెళ్లినట్టే. రూట్ హక్కు కావాల్సిన తనిఖీ ఒకటో రెండో ఉంటే వాటికి మాత్రం సుడోలో (ఎంచిన ఆదేశాలను మాత్రం రూట్‌గా నడపనిచ్చే ఏర్పాటు) అనుమతి ఇవ్వాలి.

సర్వర్ అన్న వరుసలో ప్రోగ్రాము పూర్తి చిరునామా, సర్వర్ ఆర్గ్స్ వరుసలో దానికి చెప్పాల్సిన మాటలు. ఈ మాటల్లో తన కాన్ఫిగరేషన్ ఫైలు ఎక్కడుందో చెప్పడంతో పాటు, ఐనెట్‌డీ పద్ధతిలో నడవమని చెప్పే ఆప్షన్ తప్పనిసరిగా ఉండాలి. దాన్ని మరిచిపోతే ఎన్‌ఆర్‌పీఈకి ఎలా నడవాలో తెలియక తన వాడుక వివరాలు ముద్రించి వెళ్లిపోతుంది. అది ముద్రించేది తెరమీద కాదు, నేరుగా కనెక్షన్‌లోకి. నాగియోస్‌కు అందేది ఎస్‌ఎస్‌ఎల్ పలకరింపు బదులు ఒక పేజీ సహాయ పాఠం. అప్పుడు కూడా వచ్చే సందేశం హ్యాండ్‌షేక్ పూర్తి కాలేదనే. పాత ఐనెట్‌డీ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఇంకో చిన్న తేడా: ఐనెట్‌డీ ఫైల్లో ప్రోగ్రాము పేరు రెండుసార్లు రాయాలి, ఒకసారి చిరునామాగా, ఇంకోసారి మాటల్లో మొదటిదిగా. ఎక్స్‌ఐనెట్‌డీలో రెండోసారి రాయకూడదు.

ఇక ఓన్లీ ఫ్రమ్. మా కుర్రాడు రెండు గంటలు వెతికిన తలుపు ఇదే. అనుమతించే అడ్రసులు ఇక్కడ రాయాలి. అలౌడ్ హోస్ట్స్‌లా కామాలు కాదు, ఖాళీలతో విడదీయాలి. నో యాక్సెస్ అనే ఎదురు వరుస కూడా ఉంది. రెండూ ఉంటే, వచ్చిన అడ్రసుకు రెండింటిలో ఏది మరింత దగ్గరగా సరిపోతుందో దాని మాటే చెల్లుతుంది. ఓన్లీ ఫ్రమ్ అని రాసి ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేస్తే ఎవరికీ ప్రవేశం ఉండదు. వరుసే రాయకపోతే అందరికీ ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం ఎంతో ఆలోచించండి.

కుర్రాడు ఓన్లీ ఫ్రమ్‌లో మా సర్వర్ అడ్రస్ పెట్టి ఎక్స్‌ఐనెట్‌డీని రీలోడ్ చేశాడు. తెర మాత్రం పచ్చబడలేదు.

లాగ్ చెప్పిన అడ్రస్

ఎస్‌ఎస్‌ఎల్ హ్యాండ్‌షేక్ పూర్తి కాలేదన్న సందేశం మీద నాకు పాత కోపం ఉంది. అది చెప్పేది ఒకటే సంగతి: మాట మొదలయ్యేలోపే అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు. ఎందుకు పెట్టేశారో చెప్పదు. అడ్రస్ నచ్చక పెట్టేసి ఉండవచ్చు, ప్రోగ్రాము చిరునామా తప్పయి ఉండవచ్చు, ఒకేసారి చాలామంది వచ్చి ఉండవచ్చు, నిజంగానే రెండువైపులా ఎస్‌ఎస్‌ఎల్ కుదరక కూడా కావచ్చు. ఈ సందేశం చూడగానే సర్టిఫికెట్ల వెంట, సైఫర్ల వెంట పరుగెత్తినవాళ్లను చాలామందిని చూశాను. నా అనుభవంలో పదింట తొమ్మిదిసార్లు ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏ పాపమూ తెలియదు.

కారణం తెలిసేది పెట్టేసినవాడికే. అంటే అటెండర్ పుస్తకంలో చూడాలి. సిస్టమ్ లాగ్‌లో ఎక్స్‌ఐనెట్‌డీ రాసే వరుసలు చాలా పొదుపుగా ఉంటాయి: సేవ మొదలైతే స్టార్ట్, ముగిస్తే ఎగ్జిట్, వెనక్కు పంపితే ఫెయిల్. ఫెయిల్ పక్కన సేవ పేరు, దాని పక్కన కారణం, చివర ఎక్కడినుంచి వచ్చారో ఉంటాయి. ధర్మవరం లాగ్‌లో ప్రతి నిమిషం ఫెయిల్, ఎన్‌ఆర్‌పీఈ, అడ్రస్ అనే మాటలు కనిపించాయి. చివర ఉన్న అడ్రస్ మా సర్వర్‌ది కాదు. ముందు జంట కోలన్, నాలుగు ఎఫ్‌లు, ఇంకో కోలన్, ఆ తర్వాత ధర్మవరం రూటర్ లోపలి అడ్రస్.

ఎఫ్‌ల సంగతి తేలిక. కొత్త అడ్రస్ పద్ధతి ఐపీవీ6 మీద వినే సాకెట్‌కు పాత పద్ధతి ఐపీవీ4 అతిథి వస్తే అడ్రస్ అలా రాస్తారు, దానికి కంగారు పడనక్కర్లేదు. రూటర్ సంగతే అసలు కథ. అంతకు ముందురోజు అక్కడ ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్లు పాత రూటర్ తీసి కొత్తది పెట్టారు. అది బయటినుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌కూ పంపినవారి అడ్రస్ చెరిపి తన అడ్రస్ వేసి లోపలికి పంపుతోంది. అటెండర్‌కు అందరూ ఒకే గొంతుతో మాట్లాడినట్టు వినిపిస్తోంది.

"రూటర్ అడ్రస్‌నే ఓన్లీ ఫ్రమ్‌లో పెట్టేద్దామన్నా?" అన్నాడు కుర్రాడు.

పెడితే తెర వెంటనే పచ్చబడేది. కానీ ఆ రూటర్ గుండా వచ్చే ప్రతివాడూ మా సర్వర్ పేరుమీద లోపలికి వచ్చేసేవాడు. రూటర్‌లో ఆ అడ్రస్ మార్పిడిని ఆపించాం. సాయంత్రం ఐదింటికి పచ్చబడింది.

ఒకరి తర్వాత ఒకరు రాకపోతే

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. ఆ యంత్రం మీద 42 తనిఖీలు పెట్టి ఉన్నాయి, ఒక్కోటి ఐదు నిమిషాలకోసారి. సగటున ఏడు సెకన్లకు ఒక కనెక్షన్, ఏమంత బరువు కాదు. ఒకరోజు పొద్దున కుర్రాడు అన్నిటినీ ఇప్పుడే మళ్లీ తనిఖీ చేయమని నాగియోస్‌కు ఒక్క బటన్‌తో చెప్పాడు. పది పచ్చబడ్డాయి, మిగతా 32 ఎర్రబడ్డాయి. నిమిషం తర్వాత ఒక్కొక్కటే వాటంతటవే పచ్చబడ్డాయి.

పది అన్న అంకె దగ్గరే చిక్కుముడి విప్పవచ్చు. రెడ్‌హ్యాట్ తరహా లైనక్స్‌లతో వచ్చే ఎక్స్‌ఐనెట్‌డీ ప్రధాన ఫైల్లో డీఫాల్ట్‌గా ఒక సోర్సు నుంచి ఒకేసారి పది కనెక్షన్లు మాత్రమే అని ఉంటుంది. ఒక సేవకు మొత్తం 50 నకళ్లు అనే హద్దు వేరే. సెకనుకు 50 కనెక్షన్లు దాటితే పది సెకన్లు ఆ సేవను మూసేయాలన్నది ఇంకో హద్దు. పెర్ సోర్సు హద్దు దాటినవాళ్లను మాత్రమే వెనక్కు పంపుతుంది, మూడోది దాటితే అందరికీ తలుపు మూస్తుంది.

మామూలు సేవకు ఈ హద్దులు మంచివే. నిఘా సేవ స్వభావం వేరు. దానికి వచ్చే అతిథి ఒక్కడే, అదే నాగియోస్. వచ్చే ప్రతి కనెక్షనూ ఒకే అడ్రస్ నుంచి వస్తుంది. కాబట్టి ఒక్క సోర్సుకు పది అన్న హద్దు ఇక్కడ అర్థం కోల్పోతుంది. ప్రధాన ఫైలును తాకకుండా, ఎన్‌ఆర్‌పీఈ ఫైల్లోనే పెర్ సోర్సు 60 అని రాశాం. ఆ యంత్రంలో మిగతా సేవలకు పాత హద్దే ఉంది.

ఇంకో ప్రమాదం లాగ్ విషయంలో ఉంది. సక్సెస్ లాగ్‌లో యూజర్‌ఐడీ అనే మాట పెడితే, వచ్చిన ప్రతిసారీ ఎక్స్‌ఐనెట్‌డీ తిరిగి వచ్చినవాడి యంత్రంలోని 113 పోర్టును తట్టి, మీ దగ్గర ఈ కనెక్షన్ ఎవరు పెట్టారని అడుగుతుంది. ఆ ఐడెంట్ పద్ధతి 1993 నాటిది, ఈరోజు దానికి జవాబు చెప్పే యంత్రాలు అరుదు. మధ్యలో ఫైర్‌వాల్ ఆ ప్రశ్నను చప్పుడు లేకుండా మింగేస్తే, ఎక్స్‌ఐనెట్‌డీ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. నాగియోస్ వైపునుంచి ఎన్‌ఆర్‌పీఈని అడిగే చెక్ ఎన్‌ఆర్‌పీఈ ప్రోగ్రాము ఓపిక డీఫాల్ట్‌గా పది సెకన్లే. తనిఖీ ఎంత చిన్నదైనా టైమవుట్ అవుతుంది. ఆ మాటను తీసేయండి, మీ సొంత నిఘా సర్వర్ ఎవరో కనుక్కోవడానికి దాని అడ్రస్ చాలు.

పక్కన పెట్టిన పాత ఫైలు

ఫైలు మార్చే ముందు నకలు తీసిపెట్టుకోవడం మంచి అలవాటు. ఎక్స్‌ఐనెట్‌డీ డైరెక్టరీలో ఆ అలవాటు రెండు వైపులా కరుస్తుంది. పేరులో చుక్క ఉన్న ఫైళ్లను, చివర టిల్డ గుర్తున్న ఫైళ్లను అది చదవదు. మిగతా అన్నిటినీ చదువుతుంది. కాబట్టి ఎన్‌ఆర్‌పీఈ డాట్ కాన్ఫ్ అని ముచ్చటగా పేరు పెట్టి రాసిన కొత్త ఫైలును అది చూడనే చూడదు. అదే పాత ఫైలుకు పేరు చివర హైఫన్, ఓల్డ్ అని తగిలించి పక్కనే ఉంచితే శ్రద్ధగా చదువుతుంది. ఒకే సేవకు రెండు వివరాలు కనిపిస్తే గొడవే. గుంతకల్లులో ఒక యంత్రం మీద ఇలాంటి పాత నకలు వల్లే ఒక పూట పోయింది. అప్పటినుంచి నకళ్లన్నీ వేరే డైరెక్టరీలో పెడుతున్నాం.

ఇక్కడే ఇంకో సంగతి కూడా గమనించాలి. ఎక్స్‌ఐనెట్‌డీ ఫైళ్లు మార్చితే దానికి రీలోడ్ చెప్పాలి. ఎన్‌ఆర్‌పీఈ సొంత ఫైలు మార్చితే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ప్రతి కనెక్షన్‌కూ ఎన్‌ఆర్‌పీఈ కొత్తగా పుట్టి తన ఫైలును కొత్తగా చదువుకుంటుంది. కొత్త తనిఖీ చేర్చితే మరుక్షణం నుంచే అమల్లోకి వస్తుంది. సౌకర్యమే. అయితే సగం రాసి సేవ్ చేసిన తప్పు వరుస కూడా మరుక్షణమే అమల్లోకి వస్తుంది. డెమన్ అయితే రీస్టార్ట్ చేసేదాకా పాతదాన్నే పట్టుకుని ఉండేది.

ఎస్‌ఎస్‌ఎల్ సరంజామా కూడా అలాగే ప్రతిసారీ మొదటినుంచి సర్దుకోవాలి. అందుకే సొంతంగా ఎన్‌క్రిప్షన్ చేసుకుని, సొంతంగా అడ్రసులు చూసుకోగల ఎన్‌ఆర్‌పీఈ లాంటి సేవను కొత్త యంత్రాల్లో నేను డెమన్‌గానే నడుపుతాను. సూపర్ సర్వర్ దానికి కొత్తగా ఇచ్చేది తక్కువ.

చెక్‌ఎంకే అనే ఇంకో నిఘా వ్యవస్థ తరఫున యంత్రంలో ఉండే ఏజెంట్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. లైనక్స్ మీద అది మౌలికంగా ఒక షెల్ స్క్రిప్టు. దాన్ని టెర్మినల్‌లో నడిపితే డిస్కులు, మెమరీ, ప్రాసెస్‌లు, నెట్‌వర్క్ కార్డులు అన్నిటి వివరాలూ ఒక్కో భాగానికి పైన మూడేసి కోణపు బ్రాకెట్ల మధ్య పేరుతో ముద్రించి ముగుస్తుంది. పోర్టు తెరవడం దానికి రాదు. 6556 మీద సూపర్ సర్వర్ దాన్ని లేపుతుంది, అది మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసి వెళ్లిపోతుంది. నిమిషానికి ఒకే కనెక్షన్, ఒక్కో తనిఖీకి ఒక్కోటి కాదు. సూపర్ సర్వర్ కోసమే పుట్టిన పని ఇది.

కానీ ఆ స్క్రిప్టు తన విధి కోసం సాధారణంగా రూట్‌గా నడుస్తుంది, ఎవరు వచ్చారో అడగదు, సూపర్ సర్వర్ కింద నడిచినప్పుడు చెప్పేదంతా ఏ ఎన్‌క్రిప్షనూ లేని పాఠమే. ఓన్లీ ఫ్రమ్ రాయకుండా వదిలేస్తే, 6556 తట్టిన ఏ అనామకుడికైనా ఆ యంత్రం లోపలి జాతకమంతా చదివి వినిపిస్తుంది. ఈ బలహీనతను గుర్తించే 2022లో వచ్చిన 2.1 వెర్షన్‌లో స్క్రిప్టుకు ముందు ఏజెంట్ కంట్రోలర్ అనే ప్రత్యేక ప్రోగ్రాము పెట్టి, టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌తో మాట్లాడేలా చేశారు.

దానికి సొంత ప్లగిన్లు రాసేవాళ్లు మూడో దారిని, అంటే తప్పులు మొరపెట్టుకునే దారిని మరవకూడదు. సూపర్ సర్వర్ దాన్ని కూడా కనెక్షన్‌కే అతికించిందని పైన చెప్పాను. టెర్మినల్‌లో నడిపినప్పుడు ఒక ఆదేశం దొరకలేదన్న చిన్న సణుగుడు మనకు అలవాటైపోయి పట్టించుకోం. కనెక్షన్‌లో అదే సణుగుడు లెక్కల మధ్యలో ఇరుక్కుని అవతలివాళ్ల లెక్క తప్పిస్తుంది. ఆ ఆదేశం దొరకకపోవడానికి కారణం కూడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది: మీరు లాగిన్ అయినప్పుడు ఉండే పాత్ (ఆదేశాలను వెతికే డైరెక్టరీల జాబితా), సూపర్ సర్వర్ కింద పుట్టిన ప్రాసెస్‌కు ఉండదు. స్క్రిప్టులో ప్రతి ఆదేశానికీ పూర్తి చిరునామా రాయడం, పరీక్షించేటప్పుడు సొంత షెల్‌లో కాకుండా నిఘా సర్వర్ నుంచి టెల్‌నెట్‌తోనో నెట్‌క్యాట్‌తోనో 6556కు వెళ్లి చూడటం ఈ తలనొప్పులకు మందు.

పోర్టు తెరిచి ఉంటే సేవ ఉన్నట్టేనా

ఇది మాత్రం నిదానంగా చదవండి. డెమన్ పడిపోతే దాని పోర్టు మూసుకుపోతుంది. అందుకే పోర్టు తెరిచి ఉందా అని చూసే తనిఖీ డెమన్‌కు ఒకమాదిరిగా పనికొస్తుంది. సూపర్ సర్వర్ కింద ఆ తనిఖీకి విలువ లేదు. ఎన్‌ఆర్‌పీఈ ప్రోగ్రాము ఫైలునే చెరిపేసినా, దాని కాన్ఫిగరేషన్ పాడైనా, అటెండర్ మాత్రం స్టూలు మీదే ఉంటాడు, ఫోన్ ఎత్తుతాడు. తెరమీద పచ్చరంగు అలాగే ఉంటుంది. ఇంకా లోతుకు వెళ్తే, టీసీపీ కనెక్షన్ కుదిర్చేది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్. ఎక్స్‌ఐనెట్‌డీయే స్తంభించి కూర్చున్నా, వరుసలో చోటున్నంతవరకూ కెర్నెల్ కొత్త కనెక్షన్లకు సరేనంటుంది.

కాబట్టి తనిఖీ ఎప్పుడూ జవాబును చూడాలి. ఎన్‌ఆర్‌పీఈ అయితే ఏ తనిఖీ పేరూ ఇవ్వకుండా అడిగితే తన వెర్షన్ నంబరు చెబుతుంది. ఆ నంబరు వచ్చిందంటే తలుపు, గుమాస్తా, ఎస్‌ఎస్‌ఎల్ మూడూ పనిచేస్తున్నట్టు. ప్రతి యంత్రానికీ మేం పెట్టే మొదటి తనిఖీ ఇదే. మిగతావన్నీ దీనిమీద ఆధారపడేలా రాస్తాం, తలుపు పాడైతే 42 ఎర్ర గుర్తుల బదులు ఒకటే కనిపించాలని.

సిస్టమ్‌డీ వచ్చాక

2010 నుంచి, సేవలన్నిటినీ మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ లైనక్స్‌లలోకి రావడంతో అటెండర్ పని కూడా దాని కిందికే వెళ్లింది. అనేక కొత్త లైనక్స్‌లలో ఎక్స్‌ఐనెట్‌డీ మొదటినుంచీ ఉండదు. దాని బదులు రెండు చిన్న ఫైళ్లు రాయాలి. సాకెట్ ఫైల్లో ఏ పోర్టు మీద వినాలో ఉంటుంది. సర్వీస్ ఫైల్లో ఎవరిని లేపాలో ఉంటుంది, దాని పేరులో ఎట్ గుర్తు ఉండాలి, ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో నకలు పుడుతుంది కనుక. వెయిట్ నోకు సరిజోడు ఇక్కడ యాక్సెప్ట్ యెస్. యెస్, నో తారుమారైనట్టు కనిపించి చాలామంది ఇక్కడ తడబడతారు. అక్కడి ప్రశ్న "నేను ఆగాలా?", ఇక్కడి ప్రశ్న "కాల్ నేను ఎత్తాలా?" అని గుర్తుంచుకుంటే సరిపోతుంది. సర్వీస్ ఫైల్లో స్టాండర్డ్ ఇన్‌పుట్ సాకెట్ అని రాయకపోతే రిసీవర్ గుమాస్తా చేతికి అందదు. ఓన్లీ ఫ్రమ్ స్థానంలో ఐపీ అడ్రస్ అలౌ, ఐపీ అడ్రస్ డినై అనే జంట ఉంది. రెండోది రాయకుండా మొదటిదొక్కటే రాస్తే ఎవరికీ అడ్డు ఉండదు. అందరినీ కాదని, ఆ తర్వాత మన సర్వర్‌ను అవునని, రెండూ చెప్పాలి.

పాత యంత్రాన్ని కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు ఇద్దరు అటెండర్లూ ఒకే బల్ల దగ్గర తేలతారు. ఎక్స్‌ఐనెట్‌డీ పాత ఫైలుతో 6556 తీసుకుంటే, సిస్టమ్‌డీ సాకెట్ అడ్రస్ వాడుకలో ఉందని చెప్పి నిలిచిపోతుంది. ఏది ముందు లేస్తే పోర్టు దానిదే కనుక, ఒక రీబూట్‌కు పనిచేసినది ఇంకో రీబూట్‌కు పనిచేయకపోవచ్చు. తాడిపత్రి యంత్రంలో కరెంటు పోయి వచ్చిన రోజుల్లో మాత్రమే నిఘా ఎర్రబడుతోందంటే కారణం ఇదే అయింది. ఎక్స్‌ఐనెట్‌డీ ఫైల్లో డిజేబుల్ యెస్ అని పెట్టాం, అంతటితో సరి.

హద్దుల విషయంలో ఇద్దరి స్వభావం వేరు. సెకనుకు ఇన్ని అన్న హద్దు దాటితే ఎక్స్‌ఐనెట్‌డీ పది సెకన్లు మూసి మళ్లీ తానే తెరుస్తుంది. సిస్టమ్‌డీలో ట్రిగర్ లిమిట్ దాటితే ఆ సాకెట్ విఫలమైనట్టు గుర్తుపడి, ఎవరైనా వచ్చి మళ్లీ మొదలుపెట్టేదాకా అలాగే మూసి ఉంటుంది. డీఫాల్ట్ హద్దు పెద్దదే, నిమిషానికోసారి వచ్చే చెక్‌ఎంకేకు అది ఎన్నడూ తగలదు. బయటి ప్రపంచానికి తెరిచిన పోర్టు మీద ఎవరో ఆకతాయి వరుసగా తట్టితే మాత్రం తగులుతుంది, ఆ తర్వాత నిఘా కన్ను మూసుకునే ఉంటుంది. అందుకే హిందూపురం యంత్రంలో 6556ను ఫైర్‌వాల్ దగ్గరే మా సర్వర్ ఒక్కదానికే పరిమితం చేసి, ఆ తర్వాతే సాకెట్‌ను లేపాం. ఆ పని మొత్తం చేసింది మా కుర్రాడే. సాకెట్ లేపగానే మొదట వింటున్న పోర్టుల జాబితా తీసి, 6556 ఎవరి చేతిలో ఉందో చూశాడు.